చెవి దారిన వచ్చిన ఇంగ్లిష్

కొత్తగా ఇంగ్లిష్ టీచర్లుగా చేరినవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ట్రైనింగులో నేర్పిన పద్ధతులన్నీ వల్లించి, చివర్లో గొంతు తగ్గించి అడుగుతారు: "మేడమ్, నిజంగా క్లాసులో ఏం చెయ్యాలండీ?" ఆ ప్రశ్నకు వచ్చినవాళ్లకు వచ్చినట్టు ముక్కలుగా చెబుతూ వచ్చాను. ఇప్పుడు ఒకచోట పెడుతున్నాను. నా బదిలీలు, ప్రమోషన్లు, నేను నింపిన రికార్డుల సంగతి ఇందులో ఉండదు. వాటి గురించి రాస్తే ముందు నాకే నిద్ర వస్తుంది.

నేను పనిచేసిందంతా ప్రత్తిపాడు, పర్చూరు వైపు ఊళ్లలోని ప్రభుత్వ హైస్కూళ్లలోనే. పత్తి తీతలప్పుడు సగం తరగతి పొలంలో ఉండేది. మిరప కోతలు మొదలైతే మిగతా సగం వెళ్లేది. బడిలో మిగిలినవాళ్లకు నేను ఇంగ్లిష్ చెప్పేదాన్ని. ఆ చెప్పడం ఎలా ఉండేదంటే, ఒక పేరా ఇంగ్లిష్‌లో చదివి, దాన్ని తెలుగులో వివరించి, కింది ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద రాసేదాన్ని. పిల్లలు వాటిని బట్టీపట్టి పరీక్షలో దించేసి వచ్చేవాళ్లు. పదో తరగతిలో మంచి మార్కులతో పాసైన మా పిల్లవాడే గుంటూరు బస్టాండులో ఎవరో ఇంగ్లిష్‌లో టైమెంతని అడిగితే, చేతి గడియారం వాళ్ల ముఖం ముందు పెట్టి, అటునుంచి అటే వెళ్లిపోయాడట. వాడే వచ్చి నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ పిల్లలు ఇంగ్లిష్‌ని కాగితం మీద చూశారు. మనిషి నోట వినలేదు. నేను చదివేది విన్నారు కదా అంటే, నాదీ తెలుగు మీడియం చదువే. పైగా పాఠం చదివే గొంతు వేరు, బతికే గొంతు వేరు. తల్లి బిడ్డను కసురుకోవడం, స్నేహితులిద్దరు తగువు పెట్టుకోవడం, ఒకడు అబద్ధమాడి దొరికిపోయి నసగడం, ఇవన్నీ ఆ భాషలో ఎలా వినపడతాయో మా పిల్లలకు తెలిసే మార్గమే లేదు. చాలా ఏళ్లపాటు లేదు. ఆ తర్వాత వచ్చింది. మనం పాఠ్యపుస్తకంలోంచి తలెత్తి చూసేలోపే అది వాళ్ల చేతుల్లోకి వచ్చేసింది.

వరండాలో కామెంటరీ

నా సర్వీసు చివరి ఏళ్లలో పనిచేసిన బడిలో శివ అని తొమ్మిదో తరగతి కుర్రాడు ఉండేవాడు. ఇంగ్లిష్ పీరియడ్‌లో లేపి నిలబెడితే వాడికి నేల మీద ఏదో పడిపోయినట్టు కిందికి చూడటం తప్ప ఇంకేమీ వచ్చేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత స్టాఫ్ రూములో కూర్చుని ఉంటే, వరండాలోంచి టీవీలో క్రికెట్ వస్తున్నట్టు వినపడింది. అచ్చంగా ఇంగ్లిష్ కామెంటరీ. బౌలర్ పరుగెత్తుతూ రావడం, బంతి పడటం, జనం హోరు, అన్నీ. బయటికి వెళ్లి చూద్దును కదా, మెట్ల మీద నిలబడి శివ. కింద ఆడుకుంటున్న ఆరో తరగతి పిల్లల ఆటకు కామెంటరీ చెబుతున్నాడు.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావురా?" అన్నాను.

"చూసి చూసి వచ్చిందండి."

"మరి పాఠం?"

కాసేపు నిజాయితీగా ఆలోచించాడు. "అది చూసి చూసి కూడా రావట్లేదండి."

ఆ జవాబు నాకు ఏ ట్రైనింగూ ఇవ్వని పాఠం ఇచ్చింది. ఆటలో తర్వాత ఏం జరుగుతుందో వాడికి తెలుసుకోవాలని ఉంది. ఆ ఆత్రం మీద ఎక్కి భాష లోపలికి వచ్చేసింది. పాఠంలో తర్వాత ఏం జరుగుతుందో వాడికి అక్కర్లేదు.

అప్పటికే మా తరగతి గోడకు పెద్ద టీవీ వచ్చి ఉంది. అందులో రికార్డు చేసిన పాఠాలు వేసేవాళ్లం. పిల్లలు చల్లగా నిద్రపోయేవాళ్లు. నేను శుక్రవారం ఆఖరి పీరియడ్‌ని తీసుకుని, అందులో సినిమాలు, కార్టూన్లు, ఇంట్లో జరిగే హాస్య సీరియళ్లు చూపించడం మొదలుపెట్టాను. అన్నీ ఇంగ్లిష్‌లో.

ఇది విని వెంటనే ఒక సినిమా పెట్టి కూర్చోకండి. నేను మొదటి వారం అదే చేశాను. పిల్లలు హాయిగా చూశారు, నవ్వారు, ఇంటికెళ్లారు. ఒక్క ఇంగ్లిష్ మాట వాళ్ల వెంట వెళ్లలేదు. బొమ్మలు చూస్తేనే కథ అర్థమైపోతుంటే ఇక మాటలు వినే అవసరమేముంది? ఆ తర్వాత నుంచి చిన్న ముక్క తీసుకునేదాన్ని. ఇద్దరు మనుషులు మాట్లాడుకునే ముక్క. ముందు శబ్దం తీసేసి చూపించి, ఏమనుకుంటున్నారో ఊహించి చెప్పమనేదాన్ని. తర్వాత శబ్దంతో, తెర కింద ఇంగ్లిష్ అక్షరాలతో. ఆ తర్వాత అక్షరాలు కూడా తీసేసి. కింద తెలుగు అక్షరాలు మాత్రం ఎప్పుడూ పెట్టనివ్వలేదు. అవి ఉంటే కళ్లు వాటి మీద కూర్చుంటాయి, చెవులు పడుకుంటాయి.

ఇంకో మాట. ఫైటింగు సినిమాలు ఎందుకూ పనికిరావు. ఎంతసేపు చూసినా అరుపులే. పాటలు ఉచ్చారణకు మంచివి, వాక్యానికి అంత మంచివి కావు. వార్తలు పిల్లలు వినరు, వింటున్నట్టు నటిస్తారు. కుటుంబంలో చిన్న చిన్న గొడవలు జరిగే కథలు అన్నింటికన్నా మేలు. గొడవలో ఎవరిది తప్పో తేల్చాలని మన పిల్లలకు మహా సరదా.

పరుపుల మస్తాన్ కూతురు

ఒక శుక్రవారం ఒక కార్టూన్ ముక్క పెట్టాను. పిల్ల ఎలుగుబంటి చెప్పకుండా నది దాటి వెళ్లిపోతుంది. తండ్రి ఎలుగుబంటి వెతికి పట్టుకుని కేకలేస్తుంది. శబ్దం తీసేసి, "తండ్రి ఏమంటున్నాడు?" అని అడిగాను.

"వేర్ డిడ్ యూ గో, ఇడియట్!" అన్నాడు శివ.

"ఐ విల్ బ్రేక్ యువర్ లెగ్స్!" అని వెనక బెంచీవాడు అరిచాడు. తరగతంతా గొల్లుమంది. మా ఊళ్లలో తండ్రులందరూ విరగ్గొడతామనేది కాళ్లే.

ఆ నవ్వులో ఆడపిల్లల వైపు నుంచి ఒక చిన్న గొంతు వినపడింది. "నో. హీ ఈజ్ నాట్ యాంగ్రీ. హీ ఈజ్ జస్ట్ స్కేర్డ్."

అందరూ వెనక్కి తిరిగారు. ఆ అమ్మాయి కరీమా. ఊళ్లో దూది ఏకి పరుపులు కుట్టే మస్తాన్ కూతురు. ఆరో తరగతి నుంచి ఆ బడిలోనే చదువుతున్నా హాజరు పిలిచినప్పుడు తప్ప ఆ పిల్ల గొంతు విన్నవాళ్లు లేరు. ఆ వాక్యం చెప్పిన తీరు, 'జస్ట్' దగ్గర ఆగిన ఆ చిన్న విరుపు, అవి పుస్తకం చదివితే వచ్చేవి కావు.

పీరియడ్ అయ్యాక పక్కకు పిలిచి అడిగాను. భయపడుతూనే చెప్పింది. అన్నయ్య ఫోన్‌లో ఒక ఆట ఉంది. ఎక్కడెక్కడి పిల్లలో కలిసి ఇళ్లు కట్టుకుంటారు, పొలాలు వేసుకుంటారు. ఆడుతూ మాట్లాడుకుంటారు. కరీమా మొదట్లో వినేది. తర్వాత నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెట్టింది. కెన్యాలో ఒక అమ్మాయి ఉందట, ఈమె తప్పు మాట్లాడితే నవ్వదట.

ఆ తర్వాత వారాల్లో శుక్రవారం పీరియడ్ పిల్లలదే అయిపోయింది. శివ మగపిల్లల వైపు, కరీమా ఆడపిల్లల వైపు. శబ్దం లేని బొమ్మకు పోటీపడి మాటలు కట్టేవాళ్లు. నిజమైన మాటలు వినిపించాక ఎవరివి దగ్గరగా వచ్చాయో తగువులాడుకునేవాళ్లు. ఆ తగువు కూడా సగం ఇంగ్లిష్‌లోనే నడిచేది. నేను మూల కుర్చీలో కూర్చుని చూసేదాన్ని. నాకు అంతకన్నా సంతోషమైన పీరియడ్ నా ఉద్యోగంలో ఇంకోటి లేదు.

హెడ్మాస్టరు గారి గది

మా హెడ్మాస్టరు రంగారావు గారు లెక్కల మనిషి. కఠినంగా ఉంటారు, కానీ న్యాయంగా ఉంటారు. యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దిన వారం ఆయన నన్ను పిలిపించారు. బల్ల మీద ఒక జవాబుపత్రం నా వైపు తిప్పి పెట్టారు.

"చదవండి సుజాత గారూ."

ఊరి రోడ్డు బాగుచేయించమని కలెక్టరుకు లేఖ రాయమన్న ప్రశ్న. జవాబు శివది. 'హే బ్రో, వాట్సప్!' అని మొదలైంది. ఈ రోడ్డు మమ్మల్ని చంపేస్తుందనడానికి 'గొన్నా కిల్' అని రాశాడు. చివర్లో 'సీ యా' అని సంతకం.

నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు.

"కలెక్టరు గారిని బ్రో అంటాడా? ఇది బడా, సినిమా హాలా?"

"వాక్యాల్లో తప్పులు లేవు సార్. ఇదివరకు వాడు సొంతంగా ఒక్క వాక్యం రాసేవాడు కాదు."

"రాయడం వచ్చింది, ఎవరికి రాస్తున్నాడో తెలియలేదు. పబ్లిక్ పరీక్షలో దిద్దేవాళ్లకు మీరు వెళ్లి సర్దిచెబుతారా?"

ఆయన అక్కడితో ఆగలేదు. "మస్తాన్ కూతురు నాలుగు రోజులుగా రావట్లేదు. మిరప కోతలకు వెళ్లిందనుకున్నారు కదా మీరు? పొద్దున వాళ్లమ్మ మీరాబీ వచ్చింది. ఆ పిల్ల ఫోన్‌లో ఎవరితోనో ఇంగ్లిష్‌లో మాట్లాడి నవ్వుతోందట. అన్న చూసి ఫోన్ లాక్కున్నాడు. ఇంగ్లిష్ మేడమే ఫోన్ చూడమన్నారని ఆ పిల్ల చెప్పిందట. ఇక బడికి పంపేది లేదని ఆ తల్లి తేల్చి చెప్పి వెళ్లింది. నేనేం చెప్పను?"

ఆయన గొంతు తగ్గించారు. "శుక్రవారం పీరియడ్ ఆపెయ్యండి. మీ మీద కోపంతో కాదమ్మా. ఒక ఆడపిల్ల చదువు ఆగిపోతే ఆ ఇంగ్లిష్ ఎవరికి కావాలి?"

"ఆపుతాను సార్. కానీ ఆ పిల్లను నేను తీసుకొస్తాను."

"తీసుకురండి. అప్పుడు మాట్లాడదాం," అన్నారు.

పై అధికారుల గురించి కొత్తవాళ్లకు ఒక మాట చెబుతాను. మన పని ఆపినవాళ్లందరూ మనకు అడ్డం పడుతున్నవాళ్లు కారు. రంగారావు గారు చెప్పిన రెండు మాటల్లోనూ పస ఉంది. సినిమాలు, ఆటలు పిల్లలకు చెవినీ ధైర్యాన్నీ ఇస్తాయి. ఎవరితో ఎలా మాట్లాడాలన్నది అవి వాటంతటవి నేర్పవు. అది నేర్పే పని టీచర్ది. నిజానికి అది నేర్పడం మన పిల్లలకు తేలిక కూడా. స్నేహితుణ్ని ఒరేయ్ అనేవాడే హెడ్మాస్టరు గారి ముందు అండీ, గారూ అంటాడు. తెలుగులో ఆ తేడా వాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంగ్లిష్‌లోనూ అలాంటి తేడా ఒకటుందని చెబితే చాలు.

మర్నాడే శివను లేపి అడిగాను. "రోడ్డు బాలేదని నీ స్నేహితుడికి తెలుగులో ఎట్టా చెప్తావు?"

"ఒరేయ్, ఆ రోడ్డు మీద ఎళ్తే నడుం ఇరుగుద్దిరా, అంటానండి."

"కలెక్టరు గారికి?"

వెంటనే చేతులు కట్టుకున్నాడు. "అయ్యా, మా ఊరి రోడ్డు చాలా ఇబ్బందిగా ఉందండయ్యా..."

"నీ పేపర్లో కలెక్టరు గారికి ఏది రాశావు?"

వాడి ముఖంలో అర్థమవడం కనపడింది. "ఒరేయ్ అని రాశానాండీ!" అని తల పట్టుకున్నాడు. తరగతంతా నవ్వింది, వాడూ నవ్వాడు. మళ్లీ ఆ పొరపాటు ఎన్నడూ చెయ్యలేదు.

దూది మధ్యన

ఆ సాయంత్రం మస్తాన్ ఇంటికి వెళ్లాను. ముందు గదిలో దూది ఏకే మిషన్, గోడలెమ్మట కొత్త పరుపులు. మస్తాన్ నన్ను చూసి మిషన్ ఆపి, ఒంటి మీది దూది దులుపుకుని, కుర్చీ వేశాడు. మాట్లాడాల్సింది తన భార్య అని ఆయనకు తెలుసు. మీరాబీ పరుపు గుడ్డ కుడుతూ కూర్చుంది. లేవలేదు.

"రండి మేడమ్. మీ గురించే అనుకుంటన్నాం," అంది. మర్యాదగానే అంది కానీ మాటలో కారం ఉంది.

కరీమా లోపలి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి.

ఇంగ్లిష్ వస్తే ఉద్యోగాలొస్తాయి, భవిష్యత్తు బాగుంటుంది అని చెప్పడానికి నేను సిద్ధపడి వెళ్లాను. ఆమెను చూశాక అవేవీ నోటికి రాలేదు. "మీకేది భయమమ్మా? అది చెప్పండి ముందు," అన్నాను.

ఆమె సూది ఆపింది. "ఎవరితో మాట్టాడుద్దో తెలీదు మేడమ్. ఆడో మగో తెలీదు. అది మంచం మీద కూచుని నవ్వుతా ఉంటది. ఎందుకు నవ్వుతందో నాకు అర్థం కాదు. నా కూతురు, నా ఇంట్లో, నా పక్కనే కూచుని నాకు తెలీని బాసలో నవ్వుతంది. నేనెవర్నో అయిపోయినట్టు ఉంటది."

నేను వెళ్లిన పని అప్పుడు నాకు తెలిసింది. ఆమె భయం ఫోన్ గురించి కొంత, కూతురు తనకు దూరమైపోతుందేమోనని చాలా.

"మీ భయంలో తప్పేం లేదు," అన్నాను. "ముఖం తెలియని వాళ్లతో పిల్లలు మాట్లాడటం నాకూ ఇష్టం లేదు. కెన్యా అమ్మాయి అనుకుంటున్నది నిజంగా ఎవరో మనకెవరికీ తెలియదు." కరీమా వైపు తిరిగాను. "ఆ ఆటలో మాటలు ఇక వద్దమ్మా. బొమ్మలు చూడు, కథలు విను. తెలియనివాళ్లతో మాట్లాడటం ఆపెయ్."

కరీమా తలూపింది. తర్వాత ఒక్కసారిగా ఏడుస్తూ అడిగింది. "మరి నాతో ఇంగ్లిష్‌లో ఎవరు మాట్టాడతారండీ?"

ఆ ఊరు మొత్తంలో నేర్చుకున్న భాషను వాడటానికి ఒక్క మనిషి దొరకని పిల్ల అది.

నాకు ఆ నిమిషంలో తోచింది చెప్పాను. "మీరాబీ గారూ, ఫోన్ మీ దగ్గరే పెట్టుకోండి. ఇదిగో ఈ ముందు గదిలో, శబ్దం పైకి పెట్టి, మీ పక్కన కూర్చునే చూడాలి. చూసిన ప్రతి మాటా మీకు తెలుగులో చెప్పాలి. చెప్పలేకపోతే ఆపి మళ్లీ విని చెప్పాలి. మీకు అర్థమయ్యేదాకా వదలొద్దు."

మీరాబీ నమ్మకం లేనట్టు చూసింది. "నేను చూసేయి ఏముంటాయి మేడమ్ అందులో?"

నేను నా ఫోన్ తీసి వెతికాను. ఏదో దేశంలో ఒక పెద్దావిడ గుడ్డముక్కలు జోడించి బొంత కుడుతూ, మాట్లాడుతూ ఉంది. మీరాబీ ఫోన్ అందుకోలేదు గానీ మెడ చాపి చూసింది. కాసేపటికి, "ఇదేంది, గుడ్డని అడ్డంగా తిప్పింది? ఎందుకట?" అంది.

కరీమా కళ్లు తుడుచుకుని వచ్చి పక్కన కూర్చుంది. వినింది. "అట్టా తిప్పితే... ఏదో అంటందమ్మా. ఉండు." వెనక్కి జరిపి మళ్లీ వినింది. "నిలువుగా కుడితే సాగుద్దంట. అడ్డంగా అయితే సాగదంట."

"అబద్ధం. గుడ్డని బట్టి ఉంటది. సరిగ్గా విను."

కరీమా మళ్లీ వినింది. "అవునమ్మా. ఈ రకం గుడ్డకే అని ముందే చెప్పింది. నేను వినలా."

మస్తాన్ మొదటిసారి నవ్వాడు. మీరాబీ గుడ్డ పక్కన పెట్టి, ఇంకాస్త దగ్గరికి జరిగింది. తర్వాతి సోమవారం కరీమా బడికి వచ్చింది.

ఈ ఒక్క సంగతి కొత్త టీచర్లు గట్టిగా పట్టుకోవాలి. సరిగ్గా వినకుండానే అర్థమైందనుకోవడం పిల్లలకు అలవాటు. విన్నదాన్ని ఇంట్లో ఇంకొకరికి చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ అలవాటు పోతుంది. ఆ తర్వాతి రెండు నెలల్లో కరీమా వినికిడి ఎంత పదునెక్కిందంటే, తరగతిలో నేను వదిలేసిన మాటలు కూడా పట్టుకునేది. నేను పెట్టగల ఏ పరీక్షా మీరాబీ అడిగే ప్రశ్నలంత కష్టంగా ఉండదు.

తల్లిదండ్రుల ముందు

రంగారావు గారు తన మాట మీద నిలబడ్డారు. "పేరెంట్స్ మీటింగ్‌లో చూపించండి. వాళ్లు సరేనంటే శుక్రవారం మీది. కాదంటే నన్ను మళ్లీ అడగొద్దు," అన్నారు.

పిల్లలే ఫోన్‌తో ఒక చిన్న సినిమా తీశారు. ఊరి చివర మిరపకాయలు ఆరబోసిన కళ్లం. ఎర్రగా పరుచుకున్న కాయల మధ్య ఒక ముసలమ్మ కూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరుతుంటుంది. మబ్బు పడుతుంది. కాయలు కప్పడానికి పట్టాలు పట్టుకుని అందరూ పరుగులు తీస్తారు. ముసలమ్మ మాత్రం లేవదు. ఈ వాన రాదని ఆమె పట్టుదల. కథ అంతే. శబ్దం లేకుండా తీసి, మీటింగ్‌లో టీవీ పక్కన నిలబడి అప్పటికప్పుడు ఇంగ్లిష్‌లో మాటలు చెప్పారు. శివ క్రికెట్ కామెంటరీ చెప్పినట్టు ఆ పరుగులకు కామెంటరీ చెప్పాడు. కరీమా ముసలమ్మకు గొంతు ఇచ్చింది.

తల్లిదండ్రులు మొదట బిక్కమొహాలేసుకుని చూశారు. ముసలమ్మ, లేవమన్న మనవణ్ని కసిరిన చోట ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. భాష అర్థం కాకపోయినా ఆ కసురు వాళ్లకు తెలిసిందే.

ముందు వరసలో కూర్చున్న ఒక రైతు లేచాడు. "బానే ఉందండీ, నవ్వాం. కానీ వాళ్లేమంటన్నారో మాకేం తెలుసు? బూతులు తిట్టుకుంటన్నా మేం ఇట్టాగే నవ్వుతాం కదా?"

మళ్లీ నవ్వులు. నేను లేవబోయాను. నాకన్నా ముందు కరీమా మాట్లాడింది.

"నేను చెప్తానండి పెదనాన్నా."

బొమ్మను మొదటి నుంచి పెట్టించింది. ఒక్కో మాట ఇంగ్లిష్‌లో అనడం, దాన్ని మన యాసలో తెలుగులోకి తిప్పడం. రైతులు ప్రశ్నలడిగితే వాటిని శివకు ఇంగ్లిష్‌లో వేసింది, వాడి జవాబును వాళ్లకు తెలుగులో చెప్పింది. ఎక్కడా తడబడలేదు. ఇన్నాళ్లూ ఇంట్లో రోజూ చేస్తున్న పనే అది.

అప్పుడు రంగారావు గారు లేచారు. ఆయన ఎప్పుడూ లేనిది ఇంగ్లిష్‌లో అడిగారు, నెమ్మదిగా, పుస్తకంలో ఉన్నట్టు. దీనివల్ల నువ్వు పొందిందేమిటో నాకు వివరించు అన్నారు. ప్రశ్న కరీమాకు.

ఆమె ఏ ఇంగ్లిష్‌లో జవాబు చెబుతుందోనన్నది నా భయం.

కరీమా చేతులు వెనక్కి కట్టుకుంది. 'సర్' అని మొదలుపెట్టింది. 'గొన్నా' లాంటి ఒక్క పొట్టి మాట లేదు, ఒక్క విరుపు లేదు. కలెక్టరు గారికి రాయదగ్గ ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు చెప్పి, 'థాంక్యూ, సర్' అని ఆగింది.

"ఏమన్నావే?" అని వెనక నుంచి మీరాబీ అడిగింది.

కరీమా తల్లి వైపు తిరిగింది. "పుస్తకంలో చదివినప్పుడు ఇంగ్లిష్ పరీక్షలకే అనుకున్నానని చెప్పానమ్మా. సినిమాల్లో ఇన్నాక మనుషులు మాట్టాడుకునేదని తెలిసిందని చెప్పా. పరీక్ష కూడా పాసవ్వాలి, మనుషులతో కూడా మాట్టాడాలి, రెండూ కావాలని చెప్పా."

మీరాబీ లేచి నిలబడింది. అంతమందిలో మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. కొంగు సర్దుకుని హెడ్మాస్టరు గారి వైపు చూసింది.

"సారూ, మా పిల్ల ఏం చూస్తందో నాకు తెలుసు. నా పక్కన కూచునే చూస్తంది. ఆ పీరియడ్ పెట్టండి."

ఆమె కూర్చున్నాక ఇంకెవరూ ఏమీ అడగలేదు. రంగారావు గారు నా వైపు తిరిగి, "శుక్రవారం మీదేనమ్మా," అన్నారు. ఆ తర్వాత నుంచి ఆయనే అప్పుడప్పుడు వచ్చి ఆఖరి బెంచీలో కూర్చునేవారు. గొడవలో తప్పెవరిదో తేల్చడంలో పిల్లలకన్నా గట్టిగా వాదించేవారు.

ఇప్పుడు

నేను రిటైరయ్యాను. శివ గుంటూరులో ఒక దుకాణంలో సెల్‌ఫోన్లు అమ్ముతున్నాడు, ఆదివారాలు ఊళ్ల టోర్నమెంట్లకు మైకు పట్టుకుంటాడు. కరీమా నర్సింగ్ కోర్సు చదువుతూ హాస్టల్లో ఉంటోంది.

సినిమాలు చూస్తే ఇంగ్లిష్ వచ్చేస్తుందా అని మీరు అడుగుతారు. రాదు. చూసి ఊరుకుంటే ఏమీ రాదు. చూసినదాన్ని ఆపి, విని, ఊహించి, తగువులాడి, ఇంకొకరికి చెప్పి, ఎవరితో ఎలా మాట్లాడాలో సరిచూసుకుంటే వస్తుంది. అందులో మొదటి సగం పిల్లలు మీ ప్రమేయం లేకుండానే చేసేసుకుంటారు. జీతం మీకు రెండో సగానికి.

పోయిన వారం కరీమా ఫోన్ చేసింది. గొంతులో ఏదో హుషారు.

"మేడమ్, ఇవాళ నేను ఇంగ్లిష్‌లో పోట్లాడానండి!"

"ఎవరితోనే?"

"మా రూమ్మేటుతోనండి. అస్సాం అమ్మాయి. ఈ ఎండలకి తట్టుకోలేక ఫ్యాన్ పెద్దది చేసుద్ది, నాకేమో తలనొప్పి. ఆ అమ్మాయికి తెలుగు రాదు, నాకు వాళ్ల బాస రాదు. తెలుగులో అనుకోడానికి కూడా టైం లేదండి, మాట మీద మాట అదే వచ్చేసింది!"

"ఎవరు గెలిచారు?"

"నేనేనండి. తర్వాత ఆ అమ్మాయి ఏడ్చిందండి. ఇంటి మీద బెంగ పెట్టుకుంది. ఫ్యాన్ గురించి కాదు. అప్పుడు మంచం మీద పక్కన కూచుని చాలాసేపు మాట్టాడానండి. ఏం మాట్టాడానో ఇప్పుడు గుర్తు కూడా లేదు. నవ్విందాకా మాట్టాడాను."

"మరి ఫ్యాన్?"

"పెద్దదే ఉందండి," అంది కరీమా. "నేను దుప్పటి కప్పుకున్నాను."